రెండు దేశాల కలప, ఒక గడప

చెక్క కనిపిస్తే చాలు, కుడిచేతి నడిమివేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, తల కాస్త ఎడమకి వంచి వినే అలవాటు విశ్వేశ్వరరావుకి ఏ సంవత్సరంలో సంక్రమించిందన్న విషయంలో చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. చరిత్రకారులు మొత్తం ఇద్దరు. మొదటివారు ఆయన భార్య కోటేశ్వరమ్మ. బడంగ్‌పేటలో నూటముప్ఫైమూడు గజాల స్థలం తమ పేరిట రాయించుకున్న రోజున రిజిస్ట్రారుగారి బల్లమీద తొలి దెబ్బ పడిందనీ, ఆ అధికారి తలెత్తకుండానే ‘లోపలికి రండి’ అన్నాడనీ ఆవిడ కథనం. రెండోవారు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఆయనతోపాటు పాఠాలు చెప్పే ఉపేంద్ర. అంతకు ఆరునెలల ముందే స్టాఫ్‌రూం బాత్రూం తలుపుమీద ఆ శబ్దం పుట్టిందనీ, అప్పుడు లోపల ఉన్నది తానే కాబట్టి తన సాక్ష్యానికి తిరుగులేదనీ ఆయన వాదన.

కాలనిర్ణయం సంగతి ఎలా ఉన్నా, తరవాత జరిగిన సామ్రాజ్య విస్తరణ గురించి ఇద్దరికీ భేదం లేదు. పళ్ళ డాక్టరుగారి బల్ల, గుడి తలుపులు, దగ్గరి చుట్టాల మంచంకోళ్ళు, ఓసారి పెళ్ళిలో వధూవరుల పీటలు, అన్నీ ఆ కణుపుకి లొంగిపోయాయి. మన్సూరాబాద్‌లో ఎదురింటివాళ్ళు మూడుసార్లు తలుపు తీసి, ఏం కావాలని మూడుసార్లు అడిగి, ఏం లేదండీ చెక్క చూస్తున్నానన్న జవాబు మూడుసార్లూ విని, నాలుగోసారి నుంచి తలుపు తీయడం మానేశారు. ఆ దెబ్బకి వాళ్ళకి రావలసిన కొరియరు రెండుమాట్లు వెనక్కి పోయింది.

విశ్వేశ్వరరావుకి యాభై ఏడేళ్ళు. రేపల్లె దగ్గరి పల్లెనుంచి ఇంగ్లీషు ఎమ్మే పట్టా పట్టుకుని, రెండేళ్ళు చూసి వెళ్ళిపోదామని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఇంకా చూస్తూనే ఉన్నాడు. మనిషికి కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊపుతాడు. కాలు పట్టుకుని ఆపితే పెన్ను తిప్పుతాడు. పాఠం చెబుతూ బల్లల మధ్య ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంటాడు గనక ఆయన క్లాసులో ఆరువారాలు కూర్చున్నవాళ్ళకి ఇంగ్లీషు పట్టుబడినా లేకపోయినా మెడకి మంచి వ్యాయామం దొరికేది.

ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో అద్దె ఇళ్ళు పదకొండు. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, మళ్ళీ కొత్తపేట, వనస్థలిపురం, ఇలా మెట్రో పని జరిగినన్నాళ్ళూ దుమ్ముకి ముందో వెనకో తిరుగుతూ మన్సూరాబాద్ చేరారు. పదకొండుమంది ఇంటి యజమానులకీ పదకొండు స్వభావాలున్నా గోడకి మేకు కొట్టకూడదన్న ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మతం.

“పదకొండు గడపలకి పసుపు రాశానండీ. ఒక్కటీ నాది కాదు” అని కోటేశ్వరమ్మ అప్పుడప్పుడు అనేది. ఫిర్యాదులా కాదు. అట్టు తిరగేస్తూ, చింతపండు అయిపోయిందని చెప్పే గొంతుతో. ఆ గొంతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టేది.

ఇక ఆయన వృత్తి. విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్షలో ఒకే ఒక్క ప్రశ్నకి ఆయన గురువు. ఆ ప్రశ్నలో ఒక బొమ్మ ఇస్తారు, దాంట్లో గీతలు పైకీ కిందికీ పోతుంటాయి, చూసింది చూసినట్టు నూటయాభై మాటల్లో రాయాలి. దీనికోసం ఆయన పద్నాలుగేళ్ళుగా వాడుతున్న బొమ్మ ఒకటే. రెండు దేశాలు, ఇరవయ్యేళ్ళు, విదేశాలనుంచి తెప్పించుకున్న గట్టిరకం కలప విలువ. ఒక దేశానిది నిండు గీత, కొంతదూరం నేలమీద పాకి, నడుమ నిటారుగా లేస్తుంది. రెండోది చుక్కల గీత, పైన దర్జాగా మొదలై, కాసేపు ఊగిసలాడి, కిందికి దిగిపోతుంది. ఒకచోట రెండూ దాటుకుంటాయి. జిరాక్సుకి జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు తీయించగా దేశాల పేర్లు ఏనాడో నల్లమరకలైపోయాయి. అవి ఏ దేశాలో ఇప్పుడు ఆయనకే గుర్తులేదు. పరీక్షకి ఆ అవసరమూ లేదు. నియమం ఒకటే, దాన్ని ఆయన తారకమంత్రంలా ఉపదేశించేవాడు. కనిపించింది రాయండి, కారణం రాయకండి. కారణం రాస్తే మార్కు పోతుంది.

పద్నాలుగేళ్ళపాటు ఈ మంత్రం చక్కగా పనిచేసింది. మొన్న జూన్‌లో సంధ్యారాణి వచ్చి చేరింది. నల్లగొండ వైపు పిల్ల, ఎల్బీనగర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి తిన్నగా క్లాసుకి వచ్చేది. ఒకనాడు ఆవలింత మింగుకుంటూ చెయ్యెత్తింది.

“సార్, గా చుక్కల దేశం ఎందుకు పడిపోయింది?”

కారణం రాయకూడదమ్మా అన్నాడు.

“రాయను సార్, ఊకనే అడుగుతున్న. మా వార్డుల బీపీ చార్టు గిట్ల కిందికి వోతే అందరం ఉరుకుతం సార్. ఇరవై ఏండ్లు చూసుకుంట కూసోం.”

క్లాసు నవ్వింది. ఆయనా నవ్వాడు. కానీ ఆ మాట కాల్లో విరిగిన ముల్లులా లోపలే ఉండిపోయింది. ఒక దేశం తన కళ్ళముందు పద్నాలుగేళ్ళుగా, రోజుకి మూడు బ్యాచీల చొప్పున పడిపోతుంటే, ఎందుకు నాయనా అని ఒక్కసారైనా అడగలేదు. అడవులు అయిపోయాయా? ఇళ్ళు కట్టడం మానేశారా? ఇనుప తలుపులకి మళ్ళారా? మెట్రోలో నిలబడి ఆలోచించాడు, ఎల్బీనగర్‌లో దిగవలసినవాడు దిగకుండా అదే రైల్లో మియాపూర్ వైపు సగందూరం వెళ్ళిపోయి వెనక్కి వచ్చాడు.

ఇదంతా ఇలా ఉండగా బడంగ్‌పేటలో పునాది పూర్తయింది. మన ఇళ్ళకి ముందు సింహద్వారం ద్వారబంధం నిలబడాలి, ఆ తరవాతే గోడ లేవాలి. పంతులుగారు ఇద్దరి నక్షత్రాలూ చూసి శ్రావణంలో గురువారం ఉదయం పది నలభై రెండుకి ముహూర్తం పెట్టారు. అది తప్పితే మళ్ళీ కార్తీకందాకా వీళ్ళకి కుదిరేది లేదన్నారు. మన్సూరాబాద్ యజమాని తన తమ్ముడి కుటుంబం వస్తోందనీ, జనవరికల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలనీ చెప్పి రెండునెలలైంది. కార్తీకంలో గోడలు మొదలుపెడితే జనవరికి ఇల్లు కాదు. అంటే గురువారం తప్పిందా, పన్నెండో అద్దె ఇల్లు. కోటేశ్వరమ్మ ఈ లెక్క వేళ్ళమీద వేసి చూసుకుంది.

ముహూర్తానికి ఎనిమిది రోజుల ముందు వడ్రంగి అంతయ్య వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు. “సారు, ఏం చెక్క?” చౌటుప్పల్ దగ్గరి ఊరునుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా హయత్‌నగర్‌లో ఉంటున్నవాడు. మాటల్ని కూడా వృథా పోకుండా కొలిచి కోసేవాడు.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఉన్న కలప డిపోలో ఆయన తాహతుకి అందేవి రెండు కనిపించాయి. బర్మా టేకు అని ఒకటి, ఘనా టేకు అని ఒకటి. మామూలు మనిషైతే బావమరిదిని అడుగుతాడు, మేస్త్రీని అడుగుతాడు, కాఫీ తాగి ఏదో ఒకటి కొంటాడు. విశ్వేశ్వరరావు మామూలు మనిషి కాదు. రెండు దేశాలూ కలపా అనే విషయంలో పద్నాలుగేళ్ళ బోధనానుభవం ఉన్నవాడు. ఆయన గ్రాఫు గీశాడు.

మన దేశానికి ఆ రెండు దేశాలనుంచీ ఏ ఏడాది ఎంత విలువ కలప వచ్చిందో ప్రభుత్వంవారి వెబ్‌సైటులోంచి ఒక్కొక్క సంవత్సరం ఏరి, గ్రాఫు కాగితంమీద చుక్కలు పెట్టి కలిపాడు. ఘనాకి నిండు గీత, బర్మాకి చుక్కల గీత. పూర్తయ్యాక చూస్తే ఒళ్ళు జలదరించింది. నిండుది లేస్తోంది, చుక్కలది పడుతోంది, నడుమ ఒకచోట దాటుకుంటున్నాయి. క్లాసులోని బొమ్మ ఆయన గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

అక్కడే చిక్కొచ్చింది. దీన్ని నూటయాభై మాటల్లో వర్ణించమంటే నిద్రలో వర్ణిస్తాడు. ఏది కొనాలో చెప్పమంటే నోరు పెగల్లేదు. ఎక్కువమంది కొంటున్నారు గనక ఘనా మంచిదనుకోవాలా? లేక చవకది గనక కొంటున్నారా? బర్మా తగ్గిందంటే జనానికి విసుగొచ్చి తగ్గిందా, అపురూపమై తగ్గిందా? గీత అన్నీ చెప్పింది, ఇదొక్కటి చెప్పలేదు. సంధ్యారాణి ప్రశ్నే వేషం మార్చుకుని వచ్చింది.

శుక్రవారం డిపోకి వెళ్ళి దుంగలన్నీ కొట్టి విన్నాడు. శనివారం వెళ్ళి, శుక్రవారం విన్నది సరిగా విన్నానో లేదోనని మళ్ళీ విన్నాడు. ఆదివారం డిపో మూసి ఉంటే గేటు కొట్టి చూశాడు. అది ఇనుముది. సోమవారానికి డిపోలో రంపంపని వాళ్ళు ఆయనకి టక్‌టక్ సార్ అని బారసాల చేసేశారు. గుమాస్తా తిరుపతి మర్యాదస్తుడు, రోజూ కుర్చీ వేసేవాడు, ఆయన రోజూ దాన్నీ కొట్టి చూసి నిలబడే ఉండేవాడు. మీరు మా మనుషులకన్నా ముందే ఒస్తున్నరు సార్, హాజరు పట్టీల మీ పేరు గూడ రాయాల్నా అని తిరుపతి ఒకసారి నెమ్మదిగా అడిగాడు.

సోమవారం సాయంత్రం అంతయ్య క్లాసుకే వచ్చాడు. మెట్లెక్కి మూడో అంతస్తు గుమ్మంలో నిలబడి, పిల్లలందరి ముందూ చెప్పాడు.

“బేస్తారం దర్వాజ నిలవడాలె అంటే ఇయ్యాలనే చెక్క నా చేతిల వడాలె సారు. కొయ్యాలె, చిత్రిక వట్టాలె, జోడియ్యాలె. నేను వడ్ల పనోన్ని, మంత్రగాన్ని గాదు.”

గురువారం అని అర్థం చేసుకుని, ఇంకో గంటలో తేలుస్తానన్నాడు విశ్వేశ్వరరావు. గంటలో తేలింది ఏమిటంటే, ఈ ఏడాది అంకెలు వెబ్‌సైటులో ఇంకా సగమే ఉన్నాయి. సగం గీత చూసి నిర్ణయం తీసుకోవడం ఆయన పద్నాలుగేళ్ళ సిద్ధాంతానికి విరుద్ధం.

మంగళవారం ఇక ఆగలేక నియమాన్ని భంగపరిచాడు. బర్మా ఎందుకు పడిపోయింది అని తిరుపతిని నిలదీశాడు. ఒక దేశ పతనానికి కారణం అడగడం ఆయన జీవితంలో అదే మొదలు.

“దుంగలు రావుడు బందై ఏండ్లయితుంది సార్. ఇప్పుడు బర్మా అని అమ్మేదాంట్ల బర్మా ఎంతుందో దేవునికెరుక. పేరు నడుస్తది” అన్నాడు తిరుపతి, ఆవు తెల్లగా ఉందన్నట్టు.

మరి ఘనా?

“అది దొరుకుతుంది సార్. దొరుకుతుంది గనకనే ఒస్తుంది.”

ఐదురోజుల గ్రాఫు ఈ రెండు ముక్కల్లో తేలిపోయింది. గీతలు రెండూ కలప మంచిచెడ్డల గురించి ఏమీ చెప్పడంలేదనీ, ఏది దొరికితే అది జనం కొన్నారన్న సంగతి మాత్రమే చెబుతున్నాయనీ ఆయన అర్థం చేసుకోవడానికి మంగళవారం సాయంత్రం, రాత్రి, బుధవారం ఉదయం పట్టాయి. ఆ ఉదయం కోటేశ్వరమ్మ టిఫిను పెడుతూ ఆయన ఊపుతున్న కాలుమీద చెయ్యి వేసి ఆపింది. ఆయన మధ్యాహ్నం బ్యాచిని ఉపేంద్రకి అప్పగించి, ఘనా కొనేద్దామని ఎల్బీనగర్‌కి పరుగెత్తాడు. ఆయన కొట్టి, విని, మనసులో ఖాయం చేసుకున్న రెండు దుంగలూ లేవు. పొద్దున్నే ఉప్పల్ బిల్డరెవరో పట్టుకుపోయాడట.

“కొట్టి చూశాడా?” అని అడిగాడు విశ్వేశ్వరరావు.

“లేదు సార్. కారులకెల్లి దిగనే లేదు.”

మిగిలినవాటిలో ఏదైనా తీసుకున్నా రేపు ఉదయానికి ద్వారబంధం కాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. బడంగ్‌పేటలో పునాది దగ్గర కోటేశ్వరమ్మ పూజకి స్థలం ఊడ్పిస్తోంది. అంతయ్య ఇటుకలమీద కూర్చుని ఉన్నాడు. విశ్వేశ్వరరావు ఆటో దిగి, ఘనా గురించీ ఉప్పల్ బిల్డరు గురించీ అంతర్జాతీయ పరిస్థితుల గురించీ మొదలుపెట్టి, భార్య మొహం చూసి మధ్యలో ఆపాడు.

ఆవిడ చీపురు కింద పెట్టింది. “పన్నెండో ఇల్లు ఎటువైపు చూద్దామండీ? నాగోలు వైపా, హయత్‌నగర్ వైపా?”

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఆయన చేతులు కొట్టడానికి చెక్క కోసం చుట్టూ వెతికాయి. ఇటుకలు తప్ప ఏమీ లేవు.

అంతయ్య ఇటుకలమీంచి లేచాడు. తన లెక్కలో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. “పరేషాన్ గాకు సారు. నా షెడ్డుల ఒక దర్వాజ ఉంది. ఎవరో చేపిచ్చుకొని ఇనుపది వెట్టుకున్నరు. కొలత సరిపోతది. రేపు ముహూర్తానికి అది నిలవెడదం. తర్వాత నిమ్మలంగ మీ దేశాలు తెగినంక, అది తీసి మీది ఎక్కిద్దం.”

గురువారం తొమ్మిదింటికి ట్రాలీ ఆటోలో ద్వారబంధం దిగింది. చెద పట్టకుండా అంతయ్య దానికి ఎర్రటి ప్రైమరు దట్టంగా పూసి ఉంచాడు గనక లోపల ఏ చెక్కో కంటికి తెలియదు. పంతులుగారు మంత్రం చదువుతూ మధ్యమధ్య సెల్‌ఫోనులో గడియారం చూశారు. పది నలభై రెండుకి నలుగురు పట్టి లేపారు, ఒక భుజం విశ్వేశ్వరరావుది. పైన పసుపుబట్టలో నవధాన్యాల మూట కట్టారు. గడప కింద వేయడానికి కోటేశ్వరమ్మ కొంగుముడి విప్పి చిన్న బంగారపు ముక్క తీసింది. విరిగిన చెవిదిద్దు మర. సరూర్‌నగర్ ఇంట్లో విరిగింది, అంటే పంథొమ్మిదేళ్ళుగా దాచింది. తరవాత కొంగు నడుముకి బిగించి, వంగి, గడప ఈ కొసనుంచి ఆ కొసకి పసుపు రాసింది. మామూలుగా నాలుగు రాతల్లో పూర్తిచేసే మనిషి పావుగంట రాసింది.

పులిహోర పొట్లాలు పంచుతుండగా విశ్వేశ్వరరావు అంతయ్యని పక్కకి పిలిచి, దీన్ని ఎప్పుడు తీసేద్దాం, వచ్చేవారమా అని గొంతు తగ్గించి అడిగాడు. ఆవిడ విన్నది.

“పసుపు రాసిన గడప పీకుతారా ఎక్కడైనా?”

“తాత్కాలికమనే కదా కోటేశ్వరీ అనుకున్నాం.”

“మీరు అనుకున్నారు. నేను రాశాను.”

“అసలది ఏ చెక్కో కూడా మనకి తెలీదు.”

“పదకొండు ఇళ్ళలో ఏ చెక్కని అడిగాం గనక?”

ఆయన కాళ్ళు నిలవలేదు. రెండడుగులు అటు వేశాడు, రెండడుగులు ఇటు వేశాడు, చివరికి తిన్నగా ద్వారబంధం దగ్గరికి వెళ్ళి, కుడిచేతి నడిమివేలు వంచాడు. పంతులుగారు సంచీ సర్దడం ఆపారు. పద్నాలుగేళ్ళ అధ్యాపకత్వం, ఒక గ్రాఫు, డిపోలో వారంరోజుల శిష్యరికం, బాత్రూం తలుపు మొదలుకొని పెళ్ళిపీటలదాకా చేసిన సాధన అంతా వచ్చి ఆ కణుపులో కూర్చుంది. రెండుసార్లు కొట్టాడు. తల ఎడమకి వంచాడు. శబ్దం గట్టిగా, పొడిగా, ఎక్కడా డొల్ల లేకుండా పలికింది.

“ఇది ఘనా కాదు,” అన్నాడు నెమ్మదిగా. “అసలైన పాత బర్మా. దుంగలు ఆగిపోకముందు వచ్చిన సరుకు.”

అంతయ్య చాయ్ తాగుతున్నాడు. ఏదో అనబోయి, కోటేశ్వరమ్మ పసుపు చేతులవంక చూసి, గ్లాసు మళ్ళీ నోటికి పెట్టుకున్నాడు.

ఆపైన విశ్వేశ్వరరావు ఇటుకల కుప్పమీద అరగంట కూర్చున్నాడు. కాలు ఊపలేదు. ఈ సంఘటన విషయంలో కూడా ప్రత్యక్ష సాక్షి కోటేశ్వరమ్మే.

మర్నాడు క్లాసులో, ఎవరూ అడగకుండానే, సంధ్యారాణివైపు తిరిగి, ఆ చుక్కల దేశంవాళ్ళు వెతకడం మానేసి ఇంటికి దొరికింది పెట్టుకుని ఉంటారమ్మా అన్నాడు. గిది రాయాల్నా సార్ అంది. వద్దు, మార్కు పోతుందన్నాడు.

గోడలు లేచాయి, శ్లాబు పడింది, మార్గశిరంలో గృహప్రవేశం అయింది. వచ్చినవాళ్ళనెవరినీ విశ్వేశ్వరరావు తిన్నగా లోపలికి రానివ్వలేదు. గుమ్మంలో ఆపి, బర్మా అడవుల చరిత్ర చెప్పి, చుక్కల గీత ఎందుకు పడిపోయిందో వివరించి, మీరే కొట్టి చూడండి అని వేలు వంపించి కొట్టించాడు. మన్సూరాబాద్ ఎదురింటివాళ్ళు కూడా కొట్టారు. ఉపేంద్ర రెండుసార్లు కొట్టాడు. అవతల భోజనాల బంతిలో అంతయ్య పెరుగన్నం కలుపుకుంటుంటే, పదిమందినీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళి, చివరి సాక్ష్యం కోసం అడిగాడు. ఇది నీ షెడ్డులోకి ఎప్పుడు, ఏ రేవులో దిగి వచ్చిందో వీళ్ళకి చెప్పు అంతయ్యా అని.

అంతయ్య ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, చెప్పాడు. అది వేపచెక్క. హయత్‌నగర్‌లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు తన ఇంటి ముందు కొట్టేసిన చెట్టు.